మెక్సికో యుద్ధకాలపు కౌంటర్‌మార్క్ వెండి నాణెం: కొనే ముందు ఎలా పరీక్షించాలి

హైదరాబాద్‌లో పాత నాణేలు పోగేసేవాళ్ళు చాలావరకు నిజాం రూపాయిలతోనో విక్టోరియా రాణి రూపాయిలతోనో మొదలుపెడతారు. కొన్నాళ్ళకి దొరికేవన్నీ దొరికేశాక కన్ను బయటి దేశాల వెండి మీద పడుతుంది. అప్పుడు ఆన్‌లైన్ వేలాల్లో ఎదురవుతుంది ఒక పెద్ద వెండి బిళ్ళ, ఒక వైపు స్పెయిన్ రాజు తల, ఆ తల మీదో మెడ పక్కనో ఎవరో సుత్తితో దించిన చిన్న ముద్ర. వివరాల్లో "మెక్సికో స్వాతంత్ర్య యుద్ధం, కౌంటర్‌మార్క్, చాలా అరుదు" అని ఉంటుంది. ధర చూస్తే గుండె ఆగుతుంది, అయినా చెయ్యి ఊరుకోదు.

ఒక్క నిమిషం ఆగండి. ముద్ర లేని అదే నాణెం బజార్లో సులువుగానే దొరుకుతుంది, ముద్ర ఉంటే మాత్రం ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోసమంతా ఆ తేడాలోనే ఉంది. నాణెం మొత్తం దొంగగా తయారుచెయ్యడం శ్రమతో కూడిన పని, అదే అసలైన నాణెం ఒకటి కొని, ఒక ఉక్కు పంచ్ చేయించుకుని ఒక్క దెబ్బ వెయ్యడానికి ఏం కావాలి? కాబట్టి ఈ రకంలో "వెండి అసలైనదేనా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. నాణేన్ని ఒకసారి, ముద్రని ఇంకోసారి, విడివిడిగా పరీక్షించాలి. వెండి అసలైనదని తేలగానే సంబరపడి డబ్బు కట్టేసేవాళ్ళే ఎక్కువగా మునుగుతారు.

ముందు కథ కొంచెం తెలియాలి

చరిత్ర తెలియకుండా ఈ నాణేలు కొనడం కష్టం, ఎందుకంటే సగం దొంగ ముద్రలు తారీఖుల దగ్గరే దొరికిపోతాయి.

స్పెయిన్ పాలనలో మెక్సికో గనుల వెండి మెక్సికో సిటీ టంకశాలకి చేరి అక్కడ నాణెంగా మారేది. 1810 సెప్టెంబర్ 16న డొలోరెస్ అనే ఊళ్ళో మిగెల్ హిడాల్గో అనే చర్చి ఫాదర్ తిరుగుబాటు మొదలుపెట్టాడు. ఆయన్ని 1811 జులై 30న కాల్చి చంపారు కానీ యుద్ధం 1821 దాకా సాగింది. దారులు తెగిపోవడంతో గనుల ఊళ్ళలో వింత పరిస్థితి వచ్చింది, వెండి గుట్టలుగా ఉంది, కూలీలకీ సిపాయిలకీ ఇవ్వడానికి నాణేలు లేవు. దాంతో సకతేకస్, సొంబ్రెరెటె, దురాంగో, గ్వాదలహారా, చివావా లాంటి చోట్ల తాత్కాలిక టంకశాలలు తెరిచారు. అనుభవం ఉన్న పనివాళ్ళు లేరు, సరైన అచ్చులు లేవు, యంత్రాలూ అంతంత మాత్రమే. నాణేలూ అలాగే వచ్చాయి, వంకరగా, అక్షరాలు సగం సగంగా.

మరి ఇలాంటి నాణేన్ని ఇంకో ఊళ్ళో ఎవరు తీసుకుంటారు? ఎవరూ తీసుకోరు, తీసుకున్నా కోత పెట్టి తీసుకుంటారు. అప్పుడు అక్కడి సైనికాధికారో ఖజానావాళ్ళో దాన్ని చూసి, సరేననుకుని, తమ ముద్ర కొట్టి బజారుకి వదిలేవాళ్ళు. రాజు పక్షం వాళ్ళు వేసిన వాటిలో ఎక్కువగా వినిపించే ముద్రలు రెండు: సైనికాధికార కార్యాలయం వేసిందని చెప్పే ఎల్‌సీఎం, వెరాక్రూజ్ ఖజానాకి సంబంధించిన ఎల్‌సీవీ. తిరుగుబాటు పక్షంలో హోసె మరియా మొరెలోస్ పేరులోని అక్షరాలు అల్లిన ముద్ర అందరికీ తెలిసింది. ఒసోర్నో, విల్లగ్రాన్ లాంటి నాయకులు కూడా తమ తమ పేర్లతోనే పంచ్‌లు చేయించుకున్నారు. చేతులు మారినప్పుడల్లా ముద్రలూ పెరిగాయి, అందుకే ఒకే నాణెం మీద రెండు మూడు ముద్రలు కనబడటం మామూలే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సితాకువారోలో 1811లో ఏర్పడ్డ తిరుగుబాటుదారుల సభ తన నాణేల మీద కూడా స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్ పేరే వేసుకుంది. రాజు మీద తిరగబడుతూ రాజు పేరేంటి అంటే, అప్పటికి ఆ రాజు నెపోలియన్ చేతిలో బందీ, మేం రాజు కోసమే పోరాడుతున్నామని చెప్పుకోవడం వాళ్ళకి కలిసొచ్చేది. కాబట్టి రాజు పేరు ఉంది కదా, ఇది ప్రభుత్వం వాళ్ళదే అయ్యుంటుంది అని తేల్చేయకండి.

మన దగ్గరి పాత రూపాయిల మీద కూడా చిన్న చిన్న గుంటలు, పువ్వులు, చుక్కలు ఉంటాయి, చూసే ఉంటారు. అవి షరాఫులు వెండి పరీక్షించి వేసిన గుర్తులు. చైనాలో కూడా వర్తకులు స్పానిష్ డాలర్ల (మనం మాట్లాడుకునే ఈ పెద్ద వెండి నాణేలకే ఇంకో పేరు) మీద ఇలాగే తమ అక్షరాలు కొట్టేవాళ్ళు, వాటిని చాప్‌మార్క్ అంటారు. ఇవన్నీ ప్రైవేటు వ్యక్తుల గుర్తులు. చైనా చాప్‌మార్క్ ఉన్న నాణేన్ని "మెక్సికో యుద్ధ ముద్ర" అని అంటగట్టడం చాలా పాత ఎత్తు. ముద్రలో చైనా అక్షరం ఉంటే అక్కడితో ఆపేయండి. చాప్‌మార్క్‌లకీ వేరే గిరాకీ ఉంది, కానీ ఆ లెక్క వేరు, ధర వేరు.

మొదట నాణెం సంగతి

ముద్ర ఎంత ఊరించినా ముందు దాన్ని వదిలేసి కింది నాణేన్ని చూడండి. ఎక్కువ శాతం అది మెక్సికో సిటీలో కొట్టిన 8 రియాలెస్, అంటే ఎనిమిది రియాళ్ళ విలువ చేసే స్పానిష్ డాలర్. వ్యాసం సుమారు 38 నుంచి 40 మిల్లీమీటర్లు, బరువు కొత్తలో 27 గ్రాముల పైచిలుకు, వెండి దాదాపు 90 శాతం. మన చార్మినార్ బొమ్మ నిజాం రూపాయి 11.18 గ్రాములు, అంటే దానికి రెండున్నర రెట్లకి కొంచెం తక్కువ. చేతిలో పెట్టుకుంటే ఆ బరువు వెంటనే తెలుస్తుంది.

బొమ్మ వైపు రాజు తల, చుట్టూ లాటిన్‌లో పేరు, కింద సంవత్సరం. 1808 దాకా నాలుగో కార్లోస్, ఆ తర్వాత ఏడో ఫెర్డినాండ్. ఫెర్డినాండ్ బొమ్మలో కూడా తేడా ఉంది, మెక్సికో సిటీలో 1811 దాకా కవచం తొడుక్కున్న రూపం, 1811 నుంచి 1821 దాకా భుజాల మీద వస్త్రం కప్పుకున్న రూపం. వెనక వైపు కిరీటం కింద స్పెయిన్ రాజచిహ్నం, దానికి అటూ ఇటూ రెండు స్తంభాలు. రాజచిహ్నం చుట్టూ ఉన్న అక్షరాల్లో ఒక ఎం, దాని నెత్తిన చిన్న సున్నా కనిపిస్తే అది మెక్సికో సిటీ గుర్తు. 8ఆర్ అన్నది విలువ. దాని పక్కన ఉండే రెండు అక్షరాలు వెండి నాణ్యత చూసే అధికారులవి, 1812 నుంచి 1821 దాకా ఎక్కువగా జేజే అని ఉంటుంది. సంవత్సరం ఒకటి, ఈ అక్షరాలు ఇంకో కాలానివి అయితే ఆ నాణెం అక్కడే వదిలెయ్యండి, ముద్ర చూడాల్సిన పనే లేదు.

అంచు మర్చిపోకండి. దొంగ నాణేలు చేసేవాళ్ళు రెండు ముఖాల మీద పెట్టిన శ్రద్ధ అంచు మీద పెట్టరు. మెక్సికో సిటీ 8 రియాలెస్ అంచు మీద వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మన రూపాయి అంచులా నిలువు గీతలుంటే అది ఆ నాణెం కాదు. అంచు చుట్టూ ఒక సన్నని గీత అతుకులా కనిపిస్తే రెండు సగాల మూసలో పోసిన పోత అని అర్థం. అమ్మేవాడు అంచు ఫోటో పంపనంటే కారణం ఏదైనా సరే, నేనైతే ఆ బేరం ముట్టుకోను.

తారీఖు పరీక్ష చాలా సులువు, కానీ చేసేవాళ్ళు తక్కువ. మొరెలోస్‌ని 1815 డిసెంబర్ 22న కాల్చి చంపారు. 1818 నాటి నాణెం మీద మొరెలోస్ ముద్ర కనిపిస్తే ఆ ముద్ర ఎవరు వేసినట్టు? ముద్ర వేసిన మనిషి ఏ సంవత్సరాల్లో, ఏ ప్రాంతంలో ఉన్నాడో చూసుకుని, కింది నాణెం సంవత్సరం అంతకంటే ముందుదో కాదో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

నీళ్ళ తూకం

తూకం, సాంద్రత ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న నగల త్రాసు, 0.01 గ్రాము దాకా చూపించేది చాలు.

ముందు నాణెం మామూలుగా తూచి రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. నాణేనికి సన్నని దారం కట్టి, గ్లాసు అడుక్కీ పక్కలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీసి పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపించే అంకె, నాణెం తోసేసిన నీళ్ళ బరువు. మొదటి అంకెని రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకి నాణెం 26.70 గ్రాములు, నీళ్ళలో చూపించింది 2.59 అనుకోండి, భాగిస్తే 10.3. తొంభై శాతం వెండి, మిగతా రాగి ఉన్న నాణేనికి రావాల్సింది ఇదే. ఇత్తడి మీద వెండి పూత అయితే దాదాపు 8.5 దగ్గర తిరుగుతుంది, అంటే అదే బరువుకి నీళ్ళలో మూడు గ్రాములు దాటుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, దారంతో మెల్లగా రెండుసార్లు ఊపితే పోతాయి. చెయ్యి వణికితే కూడా అంకె ఆడుతుంది, కాబట్టి రెండు మూడుసార్లు చూసి సగటు తీసుకోండి.

అయస్కాంతం కూడా పెట్టి చూడండి, అతుక్కుంటే ఇక మాట్లాడేదేమీ లేదు. అతుక్కోనంత మాత్రాన వెండి అయిపోదు, రాగీ ఇత్తడీ కూడా అతుక్కోవు.

ఇంకా అనుమానం ఉంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్ చుట్టుపక్కల నగల వాళ్ళ దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ ఉంటుంది, అక్కడ కంప్యూటర్ టెస్టింగ్ అంటే చాలు. నాణేన్ని పెట్టెలో పెడతారు, నిమిషంలో లోహాల శాతాలు చూపించేస్తుంది, నాణేనికి ఏమీ కాదు. వెండి 90 శాతం చుట్టూ ఉంటే బాగానే ఉంది, పాత వెండి పైపొరలో రాగి కొంత పోయి వెండి కొంచెం ఎక్కువ చూపించవచ్చు, కంగారు పడకండి. ఇంకో విషయం గమనించండి, పాత మెక్సికో వెండిలో తరచూ కొద్దిపాటి బంగారం జాడ ఉంటుంది, అప్పటి శుద్ధి పద్ధతుల్లో బంగారం పూర్తిగా విడిపోయేది కాదు. ఆ జాడ బొత్తిగా లేని శుభ్రమైన వెండి కనిపిస్తే ఈ కాలం వెండితో చేసిందేమో అని అనుమానించాలి. ఒక్క జాగ్రత్త: షాపతను అలవాటు కొద్దీ గీటురాయి తీసి గీయబోతాడు. ఆపండి. ఆయనకి అది వెండి ముక్క, మీకు కాదు.

పోత కనిపిస్తే దొంగదేనా

పైన చెప్పిన అంచు, బరువు, తారీఖు లెక్కలన్నీ మెక్సికో సిటీ నాణేలకే. తాత్కాలిక టంకశాలల నాణేలకి వాటిని గుడ్డిగా వర్తింపజేస్తే అసలువి పారేసుకుంటారు.

చివావా సంగతే చూడండి. అక్కడ 1811 ప్రాంతంలో అచ్చు కొట్టే సాధనాలు లేక, మెక్సికో సిటీ నాణేన్నే నమూనాగా పెట్టి పోత పోశారు, అదీ అధికారికంగానే. అందుకే అక్షరాలు మెత్తగా, ఉపరితలం గరుకుగా, చిన్న చిన్న చిల్లులతో ఉంటుంది. వాటిని చెల్లుబాటు చెయ్యడానికే టీ అక్షరం, దానిమ్మపండు లాంటి ముద్రలు విడిగా పంచ్‌తో కొట్టారు. అంటే నాణెం పోతదే, ముద్ర మాత్రం కొట్టింది. ఇప్పటి దొంగ కాపీలో ఈ రెండూ కలిపి ఒకే మూసలో పోసేస్తారు. చివావా నాణెంలో ముద్ర అంచులు పదునుగా తెగి ఉండాలి, చుట్టూ ఉన్న నాణెం మెత్తగా ఉండాలి. రెండూ ఒకే మెత్తదనంతో ఉంటే అది కాపీ. ఈ రకంలో నాకు బాగా నచ్చే పరీక్ష ఇదే, ఎందుకంటే నాణెం నాసిరకంగా ఉండటమే ఇక్కడ మనకి సాయపడుతుంది.

సకతేకస్ వాళ్ళు 1810, 1811లో కొట్టిన కొన్నిటి మీద రాజు తలే ఉండదు, కొండ, దాని మీద శిలువ, ఎల్‌వీఓ అన్న అక్షరాలు ఉంటాయి. వహాకాలో మొరెలోస్ పక్షం తెచ్చిన సూద్ (స్పానిష్‌లో దక్షిణం) అని రాసిన నాణేల మీద విల్లు, బాణం. వాటిలో ఎక్కువ రాగివే, గెలిచాక వెండి ఇస్తామన్న హామీతో చెలామణీ చేసినవి. వెండి సూద్ నాణేలు పోతవీ ఉన్నాయి, కొట్టినవీ ఉన్నాయి, మొదటిసారి కొనేవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది. నాలుగు డబ్బులు పోయినా పర్వాలేదనుకునేవాళ్ళకి ఆ రకం.

ఇప్పుడు ముద్ర

పది రెట్లు పెద్దగా చూపించే లూప్ కొనండి, కోఠీలో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. టేబుల్ లైట్‌ని నెత్తి మీద నుంచి కాకుండా పక్క నుంచి, నాణేనికి దాదాపు సమాంతరంగా పడేలా పెట్టండి. మిగతా లైట్లు ఆపేస్తే ఇంకా మంచిది.

నాణేన్ని తిప్పి ముద్రకి సరిగ్గా వెనక ఉన్న చోటు చూడటంతోనే మొదలుపెట్టండి. సుత్తి దెబ్బ ఒక వైపు పడితే రెండో వైపు నాణెం గట్టి దిమ్మకి ఆని నలుగుతుంది, అక్కడి బొమ్మ చదునవుతుంది, ఒక్కోసారి నాణెం కొంచెం వంగి ఉంటుంది కూడా. ముద్ర రాజు బుగ్గ మీద లోతుగా దిగి ఉండి, వెనక సింహం జూలు చెక్కుచెదరకుండా ఉందంటే ఆ ముద్ర దెబ్బతో వచ్చింది కాదు, మూసలో వచ్చింది. పెద్ద ముద్రలకి ఈ చదును స్పష్టంగా కనిపిస్తుంది, చిన్న ముద్రలకి లైటు తిప్పుతూ వెతకాలి. అమ్మకం పేజీల్లో ముద్ర ఉన్న వైపే పది ఫోటోలు పెట్టి వెనక వైపు ఒకటే, అదీ మసకగా పెడతారు, ఎందుకో మీకే అర్థమవుతుంది.

తర్వాత ముద్ర చుట్టూ చూడండి. చపాతీ పిండి మీద గ్లాసు నొక్కితే పక్కకి ఎలా పొంగుతుందో లోహం కూడా అలాగే కొంచెం పక్కకి జరుగుతుంది. ముద్ర అంచుల్లో ఉన్న నాణెం అక్షరాలు వంగి, లోపలికి లాగినట్టు ఉండాలి. ముద్ర అడుగున పాత బొమ్మ ఆనవాళ్ళు నలిగిపోయి అక్కడక్కడా మిగలవచ్చు, అది మంచి గుర్తే. కానీ పాత బొమ్మ గీతలు నలగకుండా, తెగకుండా ముద్రలోంచి సాఫీగా సాగిపోతుంటే అనుమానించాలి.

అరుగుదల గురించి తొందరపడకండి. నాణెం అరిగి ముద్ర పదునుగా ఉంటే దొంగది అని చాలామంది సూత్రంలా చెబుతారు, అది సగమే నిజం. ముద్ర నాణెం కన్నా ఆలస్యంగా పడింది కాబట్టి కొంచెం పదునుగా ఉండటం సహజమే. 1790ల నాటి నాణెం ఇరవై ఏళ్ళు తిరిగాక 1812లో ముద్ర పడితే తేడా బాగానే ఉంటుంది. అదే 1810 నాణెం బాగా అరిగిపోయి, యుద్ధకాలం ముద్ర మాత్రం నిన్న కొట్టినట్టు ఉంటే ఎలా? రెండేళ్ళ తేడాతో పుట్టినవి, ఆ తర్వాత కలిసే తిరిగాయి కదా. అరుగుదలను ఎప్పుడూ తారీఖుతో కలిపి చూడాలి.

రంగు కూడా చూడండి. పాత వెండికి వచ్చే నలుపు ముద్ర గుంతలోనూ, అక్షరాల మూలల్లోనూ బయట ఉన్నంతే సహజంగా ఉండాలి. గుంత తెల్లగా మెరుస్తూ బయట నల్లగా ఉంటే కొత్త దెబ్బ. గుంతలోనే దట్టంగా నల్లరంగు, బయటంతా పాలిష్ చేసిన తెలుపు అయితే ఏదో కప్పిపుచ్చారని లెక్క. అయితే నలుపు బాగుంది కదా అని ముద్రకి మార్కులు వేసేయకండి, కలెక్టర్లని మోసం చెయ్యడానికి ముద్రలు కొట్టడం ఈనాటి సంగతి కాదు, చాలాకాలం కిందట కొట్టిన దొంగ ముద్రకి కూడా ఈపాటికి అందమైన నలుపు వచ్చేసి ఉంటుంది.

ఫోన్‌తో ఒక చిన్న పని

పంచ్ అనేది చేత్తో చెక్కిన ఒక ఉక్కు ముక్క. దాని మీద ఒక అక్షరం కాలు విరిగి ఉంటే, అది కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ కాలు విరిగే కనిపిస్తుంది. దీన్ని వాడుకోండి. పేరున్న వేలం సంస్థలు పాత అమ్మకాల ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉంచుతాయి. మీరు చూస్తున్న ముద్రే ఉన్న నాణేలు అక్కడ వెతికి ఫోటోలు దాచుకోండి. మీ నాణేన్ని తిన్నగా పైనుంచి ఫోటో తీసి, ఫోన్‌లోని ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో ఒక ఫోటో మీద ఇంకోదాన్ని సగం పారదర్శకంగా పెట్టండి. 8 రియాలెస్ సైజు ఇంచుమించు ఒకటే కాబట్టి రెండు నాణేల అంచులు కలిపితే ముద్రల సైజు కూడా కలవాలి. అక్షరాల మధ్య దూరం, వంపు, చుక్కల స్థానం చూడండి. ఒకే నాయకుడికి రెండు మూడు పంచ్‌లు ఉండవచ్చు, కాబట్టి ఒక ఫోటోతో కలవకపోతే ఇంకోదానితో చూడాలి. దేనితోనూ కలవకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. రెండు నాణేల మీద ముద్రే కాదు, కింది నాణెం సంవత్సరం, గీతలు, సొట్టలు, ముద్ర పడిన చోటు అన్నీ అచ్చంగా ఒకటే అయితే, కనీసం ఒకటి కాపీ, చాలాసార్లు రెండూ కాపీలే. చేత్తో సుత్తి దెబ్బ వేస్తే రెండుసార్లు ఒకే చోట, ఒకే కోణంలో, ఒకే సొట్ట పక్కన పడదు.

మొదటిది ఏది కొనాలి

సూటిగా చెప్పాలంటే, మొదట ముద్ర లేని 8 రియాలెస్ ఒకటి మంచిది కొనుక్కుని ఇంట్లో పెట్టుకోండి. అంచు ఎలా ఉంటుంది, బరువెంత, లూప్ కింద కొట్టిన లోహం ఎలా మెరుస్తుంది, ఇవన్నీ చేతికి, కంటికి అలవాటు కావాలి. సైఫాబాద్‌లోని పాత మింట్‌ని మ్యూజియం చేశారు, ఒకసారి వెళ్ళి అక్కడి యంత్రాలు చూసిరండి, అచ్చు కింద లోహం ఎలా నలుగుతుందో వంద ఫోటోల కన్నా బాగా అర్థమవుతుంది. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నాణేల సేకరణ పెద్దది, అక్కడ పాత వెండి అరుగుదల గమనించండి.

ఆ తర్వాత మెక్సికో ముద్రల కన్నా మనీలా ముద్రలతో మొదలుపెట్టడం నయమని నా అభిప్రాయం. అవీ ఈ యుద్ధాల కొనసాగింపే. మెక్సికో, పెరూ లాంటివి స్వతంత్ర దేశాలై తమ సొంత నాణేలు కొట్టుకున్నాక ఆ వెండి వ్యాపారంలో ఫిలిప్పీన్స్‌కి చేరేది. అక్కడ ఇంకా స్పెయిన్ పాలనే. తిరుగుబాటు దేశాల గుర్తులున్న నాణేలు తన బజార్లో తిరగడం మనీలా గవర్నర్‌కి నచ్చలేదు, అలాగని ఆపేస్తే వ్యాపారం ఆగిపోతుంది. అందుకని 1828లో నాణెం మొత్తాన్ని కప్పేసేలా స్పెయిన్ రాజు పేరుతో అచ్చు కొట్టారు. ఆ పని కష్టమై, తర్వాత 1832 నుంచి కిరీటం కింద ఎఫ్7 అన్న చిన్న ముద్రకి మారారు. 1833లో ఫెర్డినాండ్ పోయాక, 1834 నుంచి రెండో ఇసబెల్ రాణి పేరుతో వై రెండు అన్న ముద్ర వచ్చింది. ఆ కొత్త దేశాలని స్పెయిన్ గుర్తించడం మొదలయ్యాక 1837తో ఈ ముద్రలు ఆగిపోయాయి. తారీఖులు స్పష్టం, ముద్ర రకాలు తక్కువ, పోల్చుకోవడానికి ఫోటోలు ఎక్కువ. వీటికీ దొంగవి ఉన్నాయి, పైన చెప్పిన పరీక్షలన్నీ వీటికీ పనికొస్తాయి.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఈ స్పానిష్ డాలర్లు మన తెలుగు నేలకి కూడా సంబంధం లేనివి కావు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1808 ప్రాంతంలో కొట్టిన వెండి అర పగోడా నాణేలు కొన్నిటికి ఈ డాలర్లే కింది బిళ్ళలు. ఒక వైపు గుడి గోపురం, రెండో వైపు దేవుడు, చుట్టూ తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు. అదృష్టం బాగుంటే గోపురం పక్కన పాత స్పానిష్ అక్షరం ముక్క కనిపిస్తుంది.

బజారు, కాగితాలు

జుమేరాత్ బజార్‌లో, చార్మినార్ చుట్టూ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన గుడ్డల మీద పెద్ద "వెండి" డాలర్లు కనిపిస్తే సరదాగా చూడండి, బేరం మాత్రం చెయ్యకండి. 1818 ఈస్టిండియా కంపెనీ హనుమంతుడి నాణెం అమ్మే గుడ్డ మీద నిజమైన మొరెలోస్ ముద్ర ఉంటుందని ఆశపడటం ఎందుకు? ఆ హనుమంతుడి బిళ్ళ కంపెనీ ఎన్నడూ కొట్టలేదు.

పేరున్న వేలం సంస్థ దగ్గరో, రశీదు ఇచ్చి తిరిగి తీసుకుంటానని రాసిచ్చే డీలర్ దగ్గరో కొనండి. "అసలైనది కాకపోతే డబ్బు వాపస్" అన్న మాట రశీదు మీదే ఉండాలి, అందులో కూడా నాణెం గురించి, ముద్ర గురించి విడివిడిగా రాయించుకోండి. "1809 8 రియాలెస్ వెండి" అని మాత్రమే రాసి ఇస్తే, ముద్ర దొంగదని రేపు తేలినా డీలర్ తప్పుకుంటాడు, రశీదులో అబద్ధమేమీ లేదు మరి.

నాణెం అసలైనదో కాదో చూసి, ఎంత బాగుందో రాసి సీలు చేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థల ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. డబ్బా మీద నంబర్‌ని ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో పోల్చండి, దొంగ డబ్బాలూ ఉన్నాయి. లేబుల్ మీద ముద్ర పేరు కూడా ఉందో లేదో చూడండి. కొన్నాక పంపించి గ్రేడింగ్ చేయిద్దాంలే అనుకుంటే చిక్కు వస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, అలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషేధం. అది మెక్సికోలో పుట్టిన నాణెమే కదా అని మీరు వాదించుకోవచ్చు, కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఆ వాదన పెట్టుకునే టెన్షన్ ఎందుకు? బయటి నుంచి తెప్పించేటప్పుడు సుంకం ఎంత పడుతుందో అమ్మేవాణ్ణి కాకుండా కొరియర్ వాళ్ళని ముందే అడగండి, వచ్చాక బిల్లు, కస్టమ్స్ కాగితం, వేలం పేజీ ప్రింటు మూడూ ఒకే కవర్లో పెట్టండి. రేపు మీరు అమ్మాలన్నా ముందు అడిగేది వాటినే.

చివరగా, దయచేసి కడగకండి. చింతపండు వద్దు, పీతాంబరి వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు, వెండి సామాన్ల షాపులో మెరుగు పెట్టించడం అంతకన్నా వద్దు. ముద్ర గుంతలోని నలుపే మీ దగ్గరున్న సాక్ష్యం, అది పోతే అసలైన ముద్ర కూడా నిన్న కొట్టినట్టు కనిపిస్తుంది, తర్వాత కొనేవాడు మిమ్మల్నే అనుమానిస్తాడు. నాణెం మరీ జిడ్డుగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది. గట్టి అక్రిలిక్ క్యాప్సూల్ తీసుకోండి, 40 మిల్లీమీటర్లది సరిపోతుంది, తాత్కాలిక టంకశాలల నాణెం అయితే వంకరగా ఉంటుంది కాబట్టి ముందు కొలుచుకుని ఒక సైజు పెద్దది ఆర్డర్ చెయ్యండి.